ఎం.ఏ. చదివిన పిల్లకి రాయడం రాదా?



క్రితం మాఘమాసంలో ఒక రాత్రి వంటిల్లు సర్దుకుని, దీపం తీసేద్దామని ముందుగదిలోకి వచ్చాను. మా అక్కకూతురు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఏదో రాస్తోంది. ఆ పిల్ల మా ఇంట్లో వుండే పి.హెచ్‌డి. చదువుతోంది. థీసిస్ రాసుకుంటోంది కాబోలు, మజ్జిగ ఇచ్చి వెళ్దామని దగ్గరికి వెళ్లాను. తీరా చూస్తే అది థీసిస్ కాదు, యూనివర్సిటీకి ఉత్తరం. "సొంత కారణాల వల్ల పరిశోధన విరమించుకుంటున్నాను" అని.

గుండె గుభేలుమంది. "ఏమొచ్చిందే? ఎవరేమన్నారు?" అన్నాను.

"ఎవరూ ఏమీ అనలేదు పిన్నీ. నాకు రాయడం రాదు. అంతే" అంది.

మీరే చెప్పండి! ఒకటో తరగతి నుంచి ఎం.ఏ. దాకా పదిహేడేళ్లు చదివి, ఎకనామిక్స్‌లో ఫస్టుక్లాసు తెచ్చుకున్న పిల్ల రాయడం రాదంటే నమ్మడమెలా? నేను చదివింది పదో తరగతి. నేనేదో నాలుగు ముక్కలు రాసి మీకు రేడియోలో చదివి వినిపిస్తూ వుంటాను గదా. నాకొచ్చింది దానికి రాకపోవడమేమిటి?

ఆ ప్రశ్న పట్టుకుని కొన్ని వారాలపాటు దానితో మాట్లాడాను. దానికి తెలిసింది అది చెప్పింది, నాకు తోచింది నేను చెప్పాను. ఇప్పుడు మన ఇళ్లల్లో ఎం.ఏ.లు, ఎం.ఎస్‌సి.లు, పి.హెచ్‌డి.లు చదివే కూతుళ్లూ కోడళ్లూ వున్నారు. వాళ్లలో ఎవరికైనా పనికొస్తుందేమోనని ఆ సంగతులు మీ ముందు పెడుతున్నాను.

మొదట ఒక చిన్న తేడా చూద్దాం. ఎం.ఏ. దాకా మన పిల్లలు చేసేదేమిటి? ఎవరో రాసింది చదివి, గుర్తుపెట్టుకుని, పరీక్షలో తిరిగి అప్పజెప్పడం. అది తేలికని కాదు, దానికీ కష్టపడాలి. అయితే అక్కడ విద్యార్థి చదివే మనిషి. పి.హెచ్‌డి.కి వచ్చేసరికి, "వాళ్లేమన్నారో సరే, నువ్వేమంటావు?" అని అడుగుతారు. అంటే రాసే మనిషి కావాలి. ఇన్నేళ్లూ ఇంకొకరు వండింది వడ్డించడం అలవాటైన చేతికి హఠాత్తుగా గరిటె ఇచ్చి, "ఇవాళ వంట నీది, ఏం వండుతావో నీ ఇష్టం" అన్నట్టన్నమాట. చేయి వణకదూ?

చదివే మనిషిగా, రాసే మనిషిగా ఒక విద్యార్థి తనను తాను ఎలాంటిదాన్ననుకుంటుంది? ఆ ఊహ ఎక్కణ్నించి వస్తుంది? దీనిమీద పెద్దపెద్దవాళ్లు పుస్తకాలు రాశారట. మా పిల్ల చెబితే విన్నాను. ఇంగ్లండులో లాంకాస్టర్ యూనివర్సిటీకి చెందిన రోజ్ ఇవానిచ్ అనే ఆవిడ 1998లో ఒక పుస్తకం వేశారు. పెద్దవయసులో యూనివర్సిటీలో చేరిన ఎనిమిదిమంది విద్యార్థులు తమ వ్యాసాలు ఎలా రాశారో, రాసేటప్పుడు ఏమనుకున్నారో వాళ్లతోనే కూర్చుని పరిశీలించారు. రాసేవాళ్లలో ముగ్గురు మనుషులుంటారని ఆవిడ చెప్పిన దానికి సారాంశం. ఒకరు, తన పుట్టుపూర్వోత్తరాలన్నీ వెంటబెట్టుకుని కాగితం ముందు కూర్చున్న మనిషి. రెండోవారు, రాసిన మాటల్లోంచి చదివేవాళ్లకు కనబడే మనిషి. మూడోవారు, "ఇది నా అభిప్రాయం" అని నిలబడి చెప్పే మనిషి.

మా పిల్ల సంగతిలో చిక్కంతా ఇక్కడే వుంది. కాగితం ముందు కూర్చునేది గుడివాడ పక్క పల్లెలో పుట్టి, పదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్ల. కాగితం మీద కనబడవలసింది ఇంగ్లీషులో గంభీరంగా మాట్లాడే పండితురాలు. ఈ పిల్లకీ ఆ పండితురాలికీ ముఖపరిచయం లేదు. అందుకని మూడో మనిషి, "నేనంటాను" అనవలసిన మనిషి, నోరు తెరవదు.

సరే, ఈ జంకు ఎప్పుడు మొదలైంది? ఇక్కడ ఇంకొక పుస్తకం సంగతి చెప్పాలి. అమెరికాలో డెబోరా బ్రాంట్ అనే ప్రొఫెసరుగారు విస్కాన్సిన్ రాష్ట్రంలో 80 మంది మామూలు మనుషులను కలిసి, చదవడం రాయడం ఎలా నేర్చుకున్నారో అడిగి తెలుసుకున్నారు. 1895లో పుట్టినవాళ్ల దగ్గర్నుంచి 1985లో పుట్టినవాళ్ల దాకా వున్నారు. ఆ పుస్తకం 2001లో వచ్చింది. ఆవిడ గమనించిన దాంట్లో ఒకటి నాకు బాగా పట్టింది. చదవడం గురించి అడిగితే చాలామందికి అమ్మ ఒడి, తాతయ్య కుర్చీ, ఇంటిల్లిపాదీ కూర్చున్న సాయంత్రాలు గుర్తొచ్చాయట. రాయడం గురించి అడిగితే ఒంటరితనం, దాపరికం, బాధ, తిట్లు.

అమెరికా సంగతి మనకెందుకంటారా? ఒక్క నిమిషం మీ చిన్నతనం తలుచుకోండి. 1947 జూలైలో మొదలైన 'చందమామ' ఇప్పుడు రావడం లేదు గానీ, మన తరంవాళ్లకి ఆ పేరు చెబితేనే నోరూరుతుంది. మా నాన్న పడకకుర్చీలో కూర్చుని పైకి చదువుతుంటే అక్కా నేనూ చెరో పక్కా చేరేవాళ్లం. చదవడమంటే అదీ. మరి రాయడమంటే? "వందసార్లు రాసుకురా" అన్న శిక్ష. వంకరగా రాస్తే తొడపాశం. మా ఏడో తరగతిలో వానాకాలం గురించి వ్యాసం రాయమంటే నేను మా పెరట్లో నీళ్లు నిలిచి బావి దాకా వెళ్లలేకపోవడం గురించి రాశాను. పుస్తకంలో వున్నది రాయలేదని, ఆ కాగితం క్లాసందరి ముందూ చింపేశారు. ఎవరు చింపారన్నది ఇప్పుడనవసరం. ఆ తర్వాత నేను పుస్తకంలో వున్నదే రాశాను.

ఇంకొకటి చెబుతాను, ఏమీ అనుకోకండి. పెళ్లయిన కొత్తలో మా అమ్మకు ఉత్తరం రాస్తే, పోస్టులో వేసే ముందు ఇంట్లో ఇద్దరు ముగ్గురు చదివేవారు. వాళ్ల మనసులో చెడ్డ ఉద్దేశం లేకపోవచ్చు. కానీ నాకు రాయడమంటే అర్థం మారిపోయింది. "ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీ క్షేమానికి రాయగలరు" తప్ప మూడో మాట రాసేదాన్ని కాదు. ఇట్లాంటివన్నీ మనం మరిచిపోయామనుకుంటాం. చేయి మరిచిపోదు.

ఆ బ్రాంటుగారే మరొక మాట అంటారు. ప్రతివాళ్ల చదువు వెనకా కొందరు పోషకులుంటారట. చదివించినవారు, పుస్తకం ఇచ్చినవారు మాత్రమే కాదు. ఆపినవారు, ఇంతవరకే చాలన్నవారు కూడా ఆ లెక్కలోకే వస్తారు. ఎవరి వల్ల మన చదువు ఆ రూపానికి వచ్చిందో వాళ్లందరూనన్నమాట. అది విన్నాక, "నీ లెక్కలో ఎవరెవరున్నారో చెప్పవే" అని మా పిల్లనడిగాను.

ఇంటర్మీడియట్‌కు టౌనుకొచ్చి ఇంగ్లీషు మీడియంలో చేరిందిట. మొదటి నెలలో లేచి జవాబు చెబితే, అది పలికిన తీరుకు క్లాసంతా నవ్విందిట. ఆ రోజునుంచి సొంత వాక్యం పలకడం మానేసింది. రాతలోనూ అంతే. గైడులో వాక్యం భద్రంగా వుంటుంది, దానికెవరూ నవ్వరు. అలా ఇంటరు, బి.ఏ., ఎం.ఏ. గట్టెక్కాయి. మార్కులొచ్చాయి గనుక ఎవరికీ అనుమానం రాలేదు. దానికి తప్ప!

పి.హెచ్‌డి.లో మొదటి అధ్యాయం రాసి ఇస్తే కంప్యూటరులో వేసి చూశారు. నూటికి 43 వంతులు ఇతరుల రాతలతో సరిపోలింది. ఈ విషయంలో నిబంధనలేమిటో తల్లులకు కూడా తెలిసి వుండడం మంచిది. యు.జి.సి. 2018లో చేసిన నియమాల ప్రకారం పోలిక పది శాతం దాకా వుంటే శిక్ష లేదు. పది దాటి నలభై దాకా అయితే, ఆరు నెలల లోపల సరిదిద్ది మళ్లీ ఇమ్మంటారు. నలభై దాటి అరవై దాకా అయితే ఏడాదిపాటు థీసిస్ ఇవ్వనివ్వరు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మా పిల్లది ఇంకా ముసాయిదా గనుక సరిపోయింది. కానీ అది సిగ్గుతో చచ్చిపోయింది. "నేను దొంగనా పిన్నీ?" అని అడిగింది.

తెలిసి ఎత్తిరాసేవాళ్లు లేరనను. వున్నారు, వాళ్లకు శిక్ష పడవలసిందే. కానీ ఇలాంటి పిల్లలూ చాలామంది వుంటారని నాకనిపిస్తోంది. సొంతమాట మీద నమ్మకం లేక పరాయి వాక్యం వెనక దాక్కునేవాళ్లు. వాళ్లకు కావలసింది, నీ మాటకు విలువుందని చూపించడం.

చూపించడమెలా? నేనేమైనా ప్రొఫెసర్నా? నాకు తెలిసిన పని రేడియో ప్రసంగం రాయడం ఒక్కటే. నా మొదటి ప్రసంగం సంగతి దానికి చెప్పాను. నాకొచ్చిన పెద్దపెద్ద మాటలన్నీ ఏరి, గ్రాంథికమూ వాడుకా కలిపి ఆరు పేజీలు రాసుకెళ్లాను. కార్యక్రమం చూసే ఆవిడ రెండు పేజీలు చదివి, కాగితాలు పక్కన పెట్టి, "ఇప్పుడు చూడకుండా చెప్పండి" అన్నారు. చెప్పాను. "ఇదే రాసుకురండి" అన్నారు. అంతే, నాకు జరిగిన శిక్షణ.

"అట్లాగే నువ్వూ చెప్పు. ఇంగ్లీషొద్దు, నాకర్థమయ్యేట్టు చెప్పు. నీ థీసిస్ దేని గురించి?" అన్నాను.

పల్లెల్లో పాలకేంద్రానికి పాలు పోసే ఆడవాళ్ల సంపాదన గురించిట. ఆ సంపాదన ఎవరి చేతికొస్తుంది, ఎవరు ఖర్చుపెడతారు అన్నది ప్రశ్న. "పరిశోధన సాహిత్యం ప్రకారం..." అని మొదలుపెట్టింది. "అది కాదే, మీ అమ్మ సంగతి చెప్పు. మీ అమ్మా పాలు పోస్తుంది గదా?" అన్నాను.

అప్పుడు వచ్చింది మాట! మా అక్క చదివింది ఐదో తరగతి. ఇంట్లో మూడు గేదెలు. మూడో తరగతి నుంచీ పాలలెక్క రాసేది ఈ పిల్లే. అమ్మ చెబుతుంటే నోటుపుస్తకంలో రాసేది. ఉదయం ఎన్ని లీటర్లు, సాయంత్రం ఎన్ని, ఫ్యాటు ఎంత, పదిహేను రోజుల బిల్లు ఎంత, తవుడుకెంత, తెలకపిండికెంత. పక్కన చిన్న అక్షరాలతో, "పెద్దగేదె ఒట్టిపోయింది", "ఈసారి బిల్లు నాన్న తెచ్చాడు, రెండువందలు తక్కువ" అని కూడా. పల్లెలో అలాంటివి పధ్నాలుగు పుస్తకాలు ట్రంకుపెట్టెలో వున్నాయిట.

ఇద్దరం ఒకరి మొగం ఒకరం చూసుకున్నాం. "రెండువందలు తక్కువ" అన్న ఒక్క ముక్కలో దాని థీసిస్ ప్రశ్న అంతా వుంది! తొమ్మిదేళ్ల పిల్ల రాసింది అది. ఎక్కడా చూసి రాయలేదు, ఎవరూ దిద్దలేదు. "మరి రాయడం రాదన్నావే?" అన్నాను. "అది రాయడమా పిన్నీ? పాలలెక్క గదా!" అంది.

అదీ సంగతి. మన పిల్లలు రాయడమంటే బళ్లో రాసిందే రాయడమనుకుంటారు. పచారీ చీటీ, చాకలిపద్దు, పాలపుస్తకం, అమ్మమ్మ చెబితే రాసిపెట్టిన ఉత్తరం లెక్కలోకి రావు. అక్కడే కదా ఎవరికీ భయపడకుండా రాసింది! అమెరికా కాలేజీల్లో విద్యార్థుల చేత, తాము చదవడం రాయడం నేర్చుకున్న కథను రాయించడం ఒక అలవాటుట. ఎక్కడ ఆనందం కలిగింది, ఎక్కడ దెబ్బ తగిలింది, అన్నీ. ఎందుకా అనుకున్నాను గానీ, ఆ రాత్రి తర్వాత నాకర్థమయింది. దెబ్బ ఎక్కడ తగిలిందో తెలిస్తే సగం భయం పోతుంది. మిగతా సగం, ఏ చేత్తో ధైర్యంగా రాశామో గుర్తొస్తే పోతుంది.

అది తెలుగులో చెప్పింది. నేను చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెట్టాను. మర్నాడు అదే కూర్చుని ఇంగ్లీషులో రాసుకుంది. చిన్నచిన్న వాక్యాలు. ఇతరుల మాట తీసుకున్నచోట ఎవరిదో పేరు రాసింది. ఈసారీ దిద్దుబాట్లు వచ్చాయి. అబద్ధం చెప్పడమెందుకు, బోలెడు వచ్చాయి. కానీ అవి భాష మీద, లెక్కల పట్టిక మీద. "ఇది ఎవరిది?" అన్న ప్రశ్న మాత్రం రాలేదు.

ఇంగ్లీషంటే జంకే పిల్లలకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి కథ చెప్పండి. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆవిడ, ఇంగ్లీషులో చదువు చెప్పడం మీద నిరసనతో పన్నెండేళ్లకే బడి మానేశారు. అమ్మాయిలకు హిందీ బడి పెట్టి తనే పాఠాలు చెప్పారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకు వెళ్లొచ్చాక మళ్లీ పుస్తకం పట్టారు. కాశీ విశ్వవిద్యాలయం నుంచి ప్రైవేటుగా మెట్రిక్, తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రాజనీతిశాస్త్రంతో బి.ఏ., ఎం.ఏ., 1942లో మద్రాసులో లా. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అమ్మాయిలకు హాస్టలు లేదంటే పత్రికలో ప్రకటన ఇచ్చి, తనలాగే చదువుకోదలచిన అమ్మాయిలను కూడగట్టారు. ఇంగ్లీషు కాదని బడి మానేసిన మనిషే మద్రాసు హైకోర్టులో వాదించారు, రాజ్యాంగసభలో మాట్లాడారు, తన జీవితకథ ఇంగ్లీషులోనే రాసుకున్నారు. ఆవిడకు భాష మీద కోపం ఎక్కడ పోయిందంటారు? ఒకరు బలవంతాన నెత్తిన పెట్టినప్పుడు అది బరువు. తన పనికోసం తనే తీసుకున్నప్పుడు అది పనిముట్టు. ఇంకొకటి గమనించండి. ఆవిడ ఒక్కరే చదవలేదు, నలుగురిని పోగేసుకుని చదివారు.

ఇక మనం ఇంట్లో చేయగలిగిందేమిటి? "ఎన్ని పేజీలయింది? ఎప్పుడు అయిపోతుంది?" అని రోజూ అడగకండి. "ఇవాళ ఏం కనుక్కున్నావు? నాక్కాస్త చెప్పు" అనండి. మనకర్థం కాకపోయినా ఫరవాలేదు. మనకు అర్థమయ్యేట్టు చెప్పడంలో దానికే విషయం తేటపడుతుంది. మొదటి ముసాయిదా తెలుగులో రాసుకుంటానంటే రాసుకోనివ్వండి, నామోషీ ఏమీ లేదు. ఇంగ్లీషు మీడియంలో చదివేవాళ్లను కూడా స్థానిక భాషలో పరీక్ష రాయనివ్వమని 2023 ఏప్రిల్‌లో యు.జి.సి.యే విశ్వవిద్యాలయాలను కోరింది. వీలైతే తనలాంటి ఇద్దరు ముగ్గురు వారానికొకసారి మీ ఇంట్లో కూర్చుని ఒకరిది ఒకరు చదువుకునే ఏర్పాటు చేయండి. ఖర్చు నాలుగు కప్పుల టీ!

కోడలు పి.హెచ్‌డి. చేస్తున్న ఇళ్లకు ఒక ప్రత్యేకమైన మాట. 2022 నియమాల ప్రకారం పి.హెచ్‌డి.కి మామూలుగా ఆరేళ్ల గడువు. ఆడవాళ్లకు మరో రెండేళ్లు అదనంగా ఇవ్వవచ్చు. కాన్పుకు, పసిబిడ్డ పెంపకానికి చదువు కాలం మొత్తం మీద 240 రోజుల దాకా సెలవు కూడా వుంది. కనుక "బిడ్డ పుట్టింది, ఇంక చదువెందుకు" అనే ముందు ఈ సంగతి కనుక్కోండి. రోజుకు రెండు గంటలు, తలుపు వేసుకునే ఒక గది, ఈ రెండూ ఇస్తే ఆ పిల్ల చదువుకు పోషకుల లెక్కలో మీ పేరుంటుంది. ఇవ్వకపోయినా వుంటుంది, ఇంకో వరసలో. ఏ వరసలో వుండాలన్నది మన చేతిలోనే వుంది.

మా పిల్ల సంగతి కదూ? ఇంకా రాస్తూనే వుంది. అయిదు అధ్యాయాల్లో రెండు పూర్తయ్యాయి. కొన్ని రాత్రులు ఇప్పటికీ కాగితం చూస్తూ కూర్చుంటుంది. ఆ ఉత్తరం చింపేసిందేమోననుకున్నాను. లేదు, సంక్రాంతికి పల్లెనుంచి తెచ్చుకున్న పాలపుస్తకంలో మడిచి పెట్టుకుంది. పెట్టుకోనీ. అదీ దాని రాతే గదా.

మీ ఇంట్లో చదువుకునే పిల్ల వుంటే ఇవాళ భోజనాలయ్యాక ఒక్కమాట అడగండి: "నువ్వు మొట్టమొదట, ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వు రాసిందేమిటి?" అని. అది చెప్పాక మీది మీరూ చెప్పండి. మనం కూడా ఒకప్పుడు రాసినవాళ్లమే.

సెలవు.

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగపాఠం)